కడియంలో దూరే కట్టె

1943. చిత్రభాను సంవత్సరం, మాఘమాసం. సోమవారం

హొసకోట నుంచి అంజినప్ప వచ్చాడు. బొగ్గు కంట్రాక్టరు. సర్వితోపు అంతా తిరిగి చూశాడు. సరుగుడు చెట్లు కోతకు వచ్చాయని నాకూ తెలుసు. నా భార్య పాపక్క ఉన్నప్పుడే వచ్చాయి. ఈ ఏడు వద్దులే అనేది ప్రతి ఏడూ. ఆమె పోయింది. ఇప్పుడు వద్దు అనేవాళ్ళు ఇంట్లో లేరు.

యుద్ధం మూలంగా పెట్రోలు దొరకక బెంగళూరు బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయట. బస్సు వెనక పీపా కట్టి, అందులో బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను తిప్పుతారట.

"మాన్లు కట్టెల డిపోకు పోతాయి పెద్దాయనా. మిగిలిందంతా నా బొగ్గు గూటికి. కొమ్మ, రెమ్మ, మొద్దు, వేరు, అన్నీ. వేర్లు తవ్వి, నేల చదును చేసి మీ చేతికిస్తా. వానలు పడినంక మళ్ళీ నాటుకోవచ్చు. ఏమంటారు?"

తల ఊపాను.

అతను సైకిలెక్కి వెళ్ళిపోయిన తర్వాత గుర్తొచ్చింది, రెమ్మలు మనవి కావు కదా అని.

మంగళవారం

తెల్లవారి తలుపు ముందు మోపు ఉంది. అక్కయమ్మ కట్టిన ముడి. కిత్తనారను రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపుతుంది. తక్కినవాళ్ళు కొస వేలాడేస్తారు.

"అప్పా, మోపు పెట్టినా" అంది బయట నుంచే.

"ఊఁ" అన్నాను.

తోపులో పుల్లలు ఏరుకునే ఆడవాళ్ళు తోపు ఆసామి ఇంటికి ఒక చిన్న మోపు వేసి పోవడం మా నాన్న నాటి నుంచీ ఉంది. ఎక్కువమంది వారానికొకసారి వేస్తారు. అక్కయమ్మ దినమూ వేస్తుంది. స్టేషను రోడ్డులో ఆమెకు పొయ్యి ఉంది. రాగి దోసెలు పోస్తుంది, శనక్కాయలు ఉడకేస్తుంది. దానికి మా తోపు పుల్లలే. మొగుడు పోయిన నాటి నుంచీ ఆ పొయ్యి మీదే బతుకు.

ఇంత ఎందుకు రాస్తున్నానో. నాకు తెలిసిన సంగతే.

శుక్రవారం

నరకడం మొదలైంది. కూలీలు సేలం వైపు వాళ్ళు. అరవం. నాకు రాదు.

పాపక్క ఉండగా తోపు నరికింది ఒక్కసారే. ఆ రోజు ఆమె తోపు గట్టున కూర్చుని చేతి వెండి కడియం తీసి పట్టుకుంది. కొమ్మను కడియంలో దూర్చి చూసేది. దూరితే ఏరుకునేవాళ్ళది. దూరకపోతే మాది. వాళ్ళ అత్త కూడా, అంటే మా అమ్మ కూడా అట్లాగే కొలిచేదట. ఊళ్ళో ఆడవాళ్ళంతా చుట్టూ మూగి ఒకటే గలాటా. సొన్నమ్మ లావుగా ఉంటుంది. "అక్కా, నీ కడియం చిన్నది. నా కడియంతో కొలువు" అని చెయ్యి చాపింది.

"నీ కడియంలో కట్టెలేమి, నా మొగుడే దూరి అవతలికి పోతాడు" అంది పాపక్క.

అందరూ నా వైపు చూసి నవ్వారు. నేను తలవంచుకున్నాను. ఆ రాత్రి పాపక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

కడియం ఇప్పుడు దేవుడి గూటి పక్కన మేకుకు ఉంది.

శనివారం

ఆడవాళ్ళు తాళ్ళు తీసుకుని తోపు దగ్గరికి వచ్చారు. అంజినప్ప కాపలా మనిషి అడ్డం నిలబడ్డాడు. పుల్ల ముట్టకూడదన్నాడు. అందరూ ఒక్కసారిగా అరిచారు. నేను గట్టున ఉన్నాను.

అక్కయమ్మ అరవలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"కడియం ఏదప్పా?"

"ఇంట్లో ఉండాది" అన్నాను.

ఆమె ఇంకా నిలబడే ఉంది, నేను లేచి ఇంటికి పోయి తెస్తానేమోనని. ఎండ ఎక్కువగా ఉంది. మోకాలు కూడా నొప్పిగా ఉంది. అంత దూరం పోయి రావడం కష్టమే.

"సరేలే" అని కొంగు తలకు చుట్టుకుని పోయింది. చేతిలో తాడు ఖాళీగా.

ఆదివారం

మోపు లేదు.

సోమవారం

మోపు లేదు. కంచెలో కంప విరిచి పొయ్యి రాజేశాను. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఇంటి ముందు ఎవరూ అరవకపోతే ప్రశాంతంగానే ఉంది. ఈ వయసులో కావలసింది అదే కదా.

వాళ్ళకు చెరువు గట్టున తుమ్మలు ఉన్నాయి. అటు కుందలహళ్ళి వైపు కూడా ఎవరిదో తోపు ఉంది. కట్టె దొరకక ఎవరూ పస్తు ఉండరు.

గురువారం

బొగ్గు గూడు ముట్టించారు. కొమ్మలు, రెమ్మలు గుండ్రంగా పేర్చి, పైన ఆకు పరిచి, మట్టి మెత్తారు. పెద్ద గడ్డివామి అంత ఉంది. పక్కల చిన్న బొక్కలు. మొదట తెల్లపొగ వస్తుందట, అది నీలంగా మారితే బొగ్గు అయినట్టట. ఇది అంజినప్ప చెప్పాడు. "గాలి దూరితే బొగ్గు కాదు పెద్దాయనా, బూడిదే. ఊపిరి ఆడకుండా పెట్టల్ల" అన్నాడు.

కూలీలకు మజ్జిగ తీసుకుపోయాను. తాగి చెంబు తిరిగి ఇచ్చారు. ఒకడు ఏదో అన్నాడు. మంచిమాటే అయి ఉంటుంది, నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపు కూర్చున్నాను. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. లేచి వచ్చేశాను.

శుక్రవారం

మజ్జిగ తీసుకుపోయాను.

శనివారం

మజ్జిగ. తెల్లపొగే.

శివరాత్రి

ఉపవాసం. వండే పని లేదు. మంచిదే అయింది.

ఫాల్గుణమాసం. బుధవారం

కంటద్దాలకు ఒక కొక్కెం విరిగి, దారంతో కట్టుకుని ఎంత కాలమో. బాగు చేయించాలని బెంగళూరు పోయాను. బస్సులో. మా తోపు మొదటి గూడు బొగ్గు ఈ బస్సుకే వేశామని అంజినప్ప చెప్పాడు. దానికోసం పోలేదు. కంటద్దాల కోసమే.

వెనక నిజంగానే పీపా ఉంది, మనిషి ఎత్తు. కండక్టరు ఒక చక్రం గిరగిరా తిప్పుతూ రాజేశాడు. చాలాసేపు పట్టింది. తర్వాత దగ్గుతూ కదిలింది. నా పక్కన వర్తూరు ఆమె, కూరగాయల గంపతో.

మిట్ట వచ్చింది. బస్సు నిలిచిపోయింది.

"దిగండప్పా దిగండి! ఆడోళ్ళు కూర్చోండి. మొగోళ్ళంతా దిగి తొయ్యండి!"

"టికెట్టు ఇచ్చింది కూర్చునేదానికా, తోసేదానికా?" అన్నాడు టోపీ పెట్టుకున్నాయన.

"కూర్చునేదానికే సామీ. తోసేది పుణ్యానికి."

అందరితోపాటు నేనూ దిగాను. ముసలాయన, నువ్వు వద్దులే అన్నారు. అయినా దిగాను. పీపా పక్కన చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. ఆ వేడి ఎక్కడిదో ఆ బస్సులో నాకొక్కడికే తెలుసు. పాపక్క, నేను కడవలతో నీళ్ళు పోసి పెంచిన చెట్లది. తోశాను. బస్సు మిట్ట ఎక్కింది.

మళ్ళీ కూర్చున్నాక ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కనామెతో అన్నాను, "బొగ్గు మాది."

"ఏమి?"

"ఈ బొగ్గు. మా తోపుది."

ఆమె నన్ను కింద నుంచి పైకి చూసింది. తర్వాత బస్సంతా వినేటట్టు, "ఇదో చూడండి! ఈ తాతదంట ఈ బొగ్గు! నా చీరంతా మసి చేసింది ఈయనే! తాతా, సబ్బు కూడా నువ్వే ఇయ్యల్ల!"

అందరూ నవ్వారు. టోపీ ఆయన కూడా. నేనూ నవ్వాను. చెవులు వేడెక్కాయి, కానీ బాగుంది. మార్కెట్టు వచ్చేవరకూ బాగుంది. అక్కడ అందరూ దిగి ఎటువాళ్ళు అటు పోయారు. ఆమె గంప తలకెత్తుకుని ఒక్కసారీ తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తుంది.

కండక్టరు పీపా కింద తలుపు తెరిచి బూడిద రోడ్డు పక్కన దోశాడు. చారెడే. గాలి వచ్చి అదీ లేదు.

నేను అదే బస్సులో కూర్చుని తిరిగి వచ్చాను. కంటద్దాల సంగతి ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

గురువారం

స్టేషను రోడ్డుకు పోయాను. దోసె తిని చానాళ్ళైందని.

అక్కయమ్మ పొయ్యి చల్లగా ఉంది. పొయ్యిలో కుక్క పడుకుని ఉంది. పెనం లేదు, చాప లేదు. సొన్నమ్మ అటు పోతూ నన్ను చూసి నిలబడింది.

"ఎవరికోసం చూస్తాండావన్నా?"

"దోసె."

"దోసె మాలూరికి పోయింది." నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చెరువు తుమ్మలు మాకే చాలవు. వారం దినాలు యాడాడో తిరిగి నాలుగు పుల్లలు తెచ్చింది, రెండు దోసెలు పోసే లోపల అయిపాయె. రైలోళ్ళు చూసి చూసి పోయినారు. కూతురు పిలుచుకోని పోయింది. ఇంగ రాదంట."

"ఎప్పుడు?"

"నిన్ననే. నువ్వు బస్సులో ఊరేగినావు చూడు, అదే దినం. స్టేషన్లో నీ ఇంటి దిక్కు తిరిగి నిలబడుకోని ఉండింది రైలు వచ్చేదాకా. నేనే చూసినా."

నేను కుక్కను చూస్తూ నిలబడ్డాను.

"ఊరికే నిలబడేదానికి చెట్లు చాలవా, నువ్వొకడివి" అని సొన్నమ్మ పోయింది.

ఇంటికి వచ్చాను.

శనివారం

రాయడానికి ఏమీ లేదు.

మంగళవారం

రెండో గూటికి కొమ్మలు పేరుస్తున్నారు. తోపు అంతా ఆకాశమే. మా ఇంటి నుంచి ఇప్పుడు స్టేషను కనిపిస్తుంది. ఇదివరకు చెట్లు అడ్డం ఉండేవి. ఎదురుగా కనిపిస్తున్నప్పుడు చూడకుండా ఉండడం కష్టంగా ఉంది.

బుధవారం

ఈరోజు చాలా మాట్లాడాను. వరసగా రాస్తాను.

పొద్దున స్నానం చేసి మేకు మీది కడియం తీసుకుని తోపుకు పోయాను. గూడు పక్కన కొమ్మల కుప్ప ముందు కూర్చున్నాను. ఒక్కొక్కటే తీసి కడియంలో దూర్చి చూసి, దూరింది ఎడమ పక్క, దూరనిది కుడి పక్క వేశాను. కూలీలు నిలబడి చూశారు. ఒకతను నాకు వంగే పని లేకుండా కొమ్మలు అందించడం మొదలుపెట్టాడు. మజ్జిగకు నవ్వినవాడే.

అంజినప్ప సైకిలు దిగాడు.

"ఏం చేస్తాండారు పెద్దాయనా?"

"కొలుస్తాండా."

"ఏమి కొలిచేది?"

కడియం చూపించాను. "దీంట్లో దూరేది ఊరిది. దూరంది నీది."

అతను మొదట నవ్వాడు. నేను ఇంకో కొమ్మ తీసుకోగానే నవ్వు ఆగింది. "ఇదేమి న్యాయం? అన్నీ నావని మాట ఇచ్చినారు కదా."

"మాట ఇయ్యలేదు. తల ఊపినా."

"తల ఊపితే అవునని కాదా మీ ఊర్లో?"

"నేను అన్నిటికీ ఊపుతా. ఎవుర్నన్నా అడుగు."

అప్పటికి కంచె అవతల ఆడవాళ్ళు చేరారు. సొన్నమ్మ అక్కడి నుంచే, "నిజమే నాయనా! పెండ్లిలో అయ్యవారు మంత్రం చెప్పమంటే గూడా ఈయప్ప తలే ఊపినాడు!" అంది. కాపలా మనిషి కూడా నవ్వాడు.

అంజినప్ప చెడ్డవాడు కాదు. కుప్పను చూశాడు, నన్ను చూశాడు. "సన్న రెమ్మే బస్సుకు మేలైన బొగ్గు, తొందరగా అంటుకుంటాది. అది పోతే నాకేమి మిగిలేది? సరే, ఇదే మీ కట్టడి అయితే వేర్లు నేను తవ్వను. మొద్దులు మొద్దుల్లానే ఉంటాయి. ఈ వయసులో మీరు తవ్వుకోలేరు. వానలకు నాటలేరు. బాగా ఆలోచన చేసుకోండి."

ఆలోచించాను. అతను చెప్పింది నిజమే. ఈ మొద్దులు నా జీవితంలో లేవవు. ఈ నేలలో మళ్ళీ తోపు చూడను నేను.

"సరే" అన్నాను. ఊపలేదు. నోటితో అన్నాను.

"ఆ రోజే ఒక్క మాట అనుంటే ఏమి పెద్దాయనా?" అన్నాడు సైకిలు తిప్పుకుంటూ. అతను కొమ్మ, రెమ్మ అని అంటున్నప్పుడే నేను మేకు వైపు చూశాను ఆ రోజు. పోయాక గుర్తొచ్చిందని రాసింది నిజం కాదు. అతనికి అది ఎట్లా తెలుస్తుంది.

ఆడవాళ్ళు కంచె తోసుకుని లోపలికి వచ్చారు. సాయంత్రం దాకా గలాటా. సొన్నమ్మ తన కడియం తీసి, "ఇప్పుడన్నా దీంతో కొలువన్నా, అక్క లేదు కదా" అంది. అని నాలిక కరుచుకుంది. నేను పాపక్క కడియంతోనే కొలిచాను.

గురువారం

తలుపు ముందు మోపులే మోపులు. అడుగు పెట్టే చోటు లేదు. ఒక్కొక్కరూ కేక వేసి పోతున్నారు. ఇంటి ముందు ఇంత సందడి పాపక్క పోయిన తర్వాత లేదు.

ముడులన్నీ చూశాను. అన్నిటికీ కొసలు వేలాడుతున్నాయి.

శుక్రవారం

దినమూ ఎవరో ఒకరు పలకరిస్తున్నారు. ఊఁ అంటున్నాను. ఏమీ కొదవ లేదు.

స్టేషను కనిపిస్తూనే ఉంది.

ఆదివారం

ఆమె వంతు పుల్లలు ఆమెకు చేరలేదు కదా. అందరివీ చేరాయి. ఇది న్యాయం కాదు. న్యాయం కోసమే అనుకుంటున్నాను, ఇంకేమీ కాదు.

కూర్చుని ఒక మోపు కట్టాను. ఒక్కొక్క కట్టే కడియంలో దూర్చి చూసే కట్టాను. కిత్తనార రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపాను. కుదరలేదు. విప్పి మళ్ళీ కట్టాను. చీకటి పడేవేళకు కుదిరింది.

సోమవారం

మాలూరు బండికి పోయాను.

స్టేషన్లో టికెట్టు ఇచ్చేవాడు మోపును చూశాడు. "యాడికి?"

"మాలూరు."

"మాలూర్లో కట్టెలు లేవా తాతా?"

"ఉండాయి."

"మరి?"

"ఇవి ఆమెవి."

వాడు ఏమనుకున్నాడో, మోపుకు ఏమీ అడగలేదు.

బండి నిండా సిపాయిలు. నాకు మోపు మీదే కూర్చునే చోటు దొరికింది. కూర్చోలేదు. నిలబడే పోయాను.

మాలూర్లో పెంకుల కార్ఖానా వెనక ఇల్లని సొన్నమ్మ చెప్పింది. అడగడానికి నోరు రాక వీధి వీధీ తిరిగాను. చివరికి ఒక గడపలో అక్కయమ్మే కూర్చుని చాటలో రాగులు ఏరుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

మోపు గడప పక్కన దించాను.

"అక్కయమ్మా, మోపు పెట్టినా."

ఆమె చేతికంటిన రాగి పొట్టు దులుపుకుంది.

"ఊఁ" అంది.

తర్వాత నీళ్ళిచ్చింది. కూతురు బావికి పోయిందని చెప్పింది. ముడి కొస వెతికి, లోపల దోపి ఉండడం చూసి, వేలితో ఒకసారి తడిమింది. మోపు విప్పింది. ఒక్కొక్క కట్టే తీసి బొటనవేలూ నడిమి వేలూ కలిపి చుట్టి చూసుకుంది, కడియంలాగా. పాపక్క చేతి కొలత ఆమె వేళ్ళకు ఇంకా తెలుసు. ఒకచోట వేళ్ళు కలవలేదు.

"ఇది దూరదప్పా."

"దూర్చే చూసినా."

"చూసినావో లేదో. ఇది నీది. తీసుకోపో." కట్టె నా చేతికిచ్చింది.

నేను పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ ఊరికి వస్తావా అని అడగాలి. పొయ్యిలో కుక్క పడుకుంటోందని చెప్పాలి. కడియం జేబులోనే ఉంది, తీసి చూపించాలి.

"ఆ దినం ఒక్క మాట అంటావేమోనని ఉండినా" అంది ఆమె రాగుల వైపు చూస్తూ. "ఊరికే నిలబడితివి."

"ఊఁ."

"ఇప్పుడూ నిలబడే ఉండావు."

నేను గడప మీద కూర్చున్నాను. ఆమె మళ్ళీ చాట అందుకుంది. రాళ్ళు ఏరి నా వైపు వేస్తుంటే నేను వాటిని పక్కకు దోశాను. బండి వేళ అయ్యేదాకా అంతే. బాగుంది.

లేచినప్పుడు అంది, "ఇంగోసారి తెచ్చేటప్పుడు సరిగ్గా కొలిచి తే."

మంగళవారం

కడియం మేకుకు తగిలించాను. తిరిగి తెచ్చిన కట్టెను పొయ్యిలో పెట్టలేదు. తలుపు పక్కన నిలబెట్టాను.

పొద్దుటి వెలుతురులో మళ్ళీ కడియంలో దూర్చి చూశాను. దూరలేదు. కట్టే వేళకు ఎట్లా దూరిందో. చీకటి పడింది, కంటద్దాలు కూడా సరిగా లేవు. ఇంకో మోపు కట్టే లోపల బాగు చేయించాల్సిందే.

ఇప్పట్లో వద్దులే.